అప్‌డేట్: బోటు మోటారు స్టార్ట్ అయింది

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిశాక, తాడు లాగితే మోటారు తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదని అడిగాను కదా, కారణం నిన్న దొరికింది. మీరు చెప్పినట్టు ముందు కిల్ స్విచ్ (మోటారును ఆపేసే స్విచ్) క్లిప్పు చూశాను, సరిగానే ఉంది. ప్లగ్గులో స్పార్కు బాగా వస్తోంది, కానీ ఎన్నిసార్లు లాగినా ప్లగ్గు కొస పొడిగానే ఉంది. అంటే లోపలికి పెట్రోలు చేరడం లేదు. పైపు మీది పంపు బల్బు నొక్కితే గట్టిపడుతోంది కాబట్టి ట్యాంకు వైపు అనుమానం పోయింది.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ గిన్నె విప్పితే తెలిసింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు అందులోనే ఉండిపోయిన పెట్రోలు జిగురుగా మారి, పెట్రోలు వెళ్లే సన్నటి జెట్టు కన్నాన్ని మూసేసింది. క్లీనర్ కొట్టి గాలి పట్టించాను. కన్నంలో తీగ మాత్రం పెట్టలేదు, కన్నం పెద్దదైపోతుంది. కొత్త పెట్రోలు పోశాక మూడో లాగుడుకే అంటుకుంది! ఈ ఉదయం ఉప్పాడ నుంచి వేటకు వెళ్లొచ్చాం. అందరికీ చాలా థ్యాంక్స్. వచ్చే ఏడు బోటు ఒడ్డుకు లాగే ముందే కార్బురేటర్ ఖాళీ చేస్తాను.