వెనక వీధివాళ్ళ కుక్క అమ్మను కరిచింది: స్మాల్ క్లెయిమ్స్‌లో మనమే వేసుకోవాలా, లాయర్‌కి ఇవ్వాలా, వదిలేయాలా?

తెనాలి_టు_ఫ్రీమాంట్:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ (66 ఏళ్ళు) తెనాలి నుంచి ఏప్రిల్‌లో వచ్చింది. విజిటర్ వీసా, అక్టోబర్ మొదటి వారంలో తిరుగు టికెట్. పొద్దున్నే ఆరున్నరకి వాకింగ్‌కి వెళ్ళడం అలవాటు. మూడు వారాల కిందట మా వెనక వీధిలో ఒకరింట్లో గ్యారేజీ తలుపు తీసి ఉంది. అందులోంచి పెద్ద కుక్క వచ్చి పిక్క పట్టుకుంది. అమ్మ నడుస్తున్నది ఫుట్‌పాత్ మీద, వాళ్ళ స్థలంలోకి అడుగు కూడా పెట్టలేదు. ఏడు కుట్లు పడ్డాయి. కుక్కకి రేబిస్ టీకా వేయించిన కాగితాలున్నాయి కాబట్టి ఆ ఇంజెక్షన్లు అక్కర్లేదన్నారు, టెటనస్ ఇచ్చారు. ఆసుపత్రి వాళ్ళే యానిమల్ కంట్రోల్‌కి (జంతువుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం) తెలియజేశారు. కుక్కని పది రోజులు ఇంట్లోనే విడిగా ఉంచమన్నారు.

బిల్లు 5,340 డాలర్లు. అమ్మకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఫిక్స్‌డ్ రకం, అంటే బిల్లు ఎంతైనా ఒక్కో వైద్యానికి ముందే రాసిపెట్టిన మొత్తమే ఇస్తారు. వాళ్ళు 1,100 ఇచ్చి చేతులు దులుపుకున్నారు. కుక్క యజమాని కూడా మన తెలుగాయనే, గుళ్ళో కనిపిస్తుంటాడు. మొదటి రోజు "బిల్లు నేను చూసుకుంటానండీ, టెన్షన్ పడకండి" అన్నాడు. బిల్లు ఫొటో పంపాక నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల తగాదాలు తేల్చే కోర్టు) 12,500 డాలర్ల దాకా అడగొచ్చని, లాయర్ అక్కర్లేదని విన్నా. బిల్లుతో పాటు నొప్పికీ బాధకీ కలిపి 12,500 అడగాల్సిందేనంటుంది మా ఆవిడ. నాన్న ఫోన్‌లో "ఊరుగాని ఊళ్ళో కోర్టులేంట్రా" అంటున్నాడు. మీరేమంటారు?

నెమలికన్ను:

అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు? ముందు అది చెప్పండి.

నా మాట అడిగితే వదిలేయండి. నాలుగు వేల డాలర్లు పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఒకే గుడి, ఒకే బడి, రేపు పిల్లల పుట్టినరోజుకి ఒకే హాల్లో ఎదురుపడతారు. పైగా అమ్మగారు వీసా మీద వచ్చినవారు, పేరు కోర్టు రికార్డుల్లోకి ఎక్కితే మళ్ళీ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఏమడుగుతారో! పెద్దమనిషి ఎవరినైనా మధ్యన పెట్టి మాట్లాడించండి.

బే_ఏరియా_బావ:

నెమలికన్ను గారూ, ఈ వీసా భయం ఒకటి మనవాళ్ళని పట్టుకుని వదలదు. నష్టపరిహారం అడగడం సివిల్ వ్యవహారం. ఇక్కడ అమ్మగారు దెబ్బతిన్న మనిషి, నేరం చేసిన మనిషి కాదు. సివిల్ కేసు వేయడం వీసా నిబంధన తప్పడం అవదు.

తెనాలి గారూ, వేసెయ్యండి. నేను వేశాను, అందుకే చెబుతున్నా. మా పాత అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర లైటు రెండు నెలలు వెలగలేదు. మూడు ఈమెయిళ్ళు పెట్టా. నాలుగోది పెట్టేలోపు జారి మణికట్టు విరిగింది. ఎస్‌సీ-100 అనే ఫారం నింపి ఇచ్చా. అడిగే మొత్తం 1,500 దాకా అయితే ఫీజు 30 డాలర్లు, 5,000 దాకా 50, ఆపైన 75. ఇరుపక్షాలా లాయర్లు ఉండరు. నేను, అటువైపు మేనేజర్, మధ్యలో జడ్జి. నా ముందు కేసు ఎవరిదో డ్రైక్లీనర్ పాడుచేసిన కోటు. నా వంతు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. జడ్జి నా ఉపన్యాసం వినలేదు. "ఈమెయిళ్ళు తారీఖుల వరసలో ఉన్నాయా?" అని ఒక్కటే అడిగింది. మూడు సెట్లు ప్రింట్ తీసి పెట్టుకున్నా, ఒకటి ఆవిడకి, ఒకటి వాళ్ళకి, ఒకటి నాకు. 8,000 అడిగితే 4,900 ఇచ్చింది.

మీ కేసు నాదానికంటే తేలిక. కుక్క కాటుకి ఇక్కడ యజమాని తప్పు నిరూపించక్కర్లేదు. సివిల్ కోడ్ 3342 ప్రకారం, నలుగురూ నడిచే చోట కరిస్తే "మా కుక్క ఇంతకుముందెప్పుడూ కరవలేదండీ" అనే మాట చెల్లదు.

పాత_వకీలు:

గుంటూరులో పద్దెనిమిదేళ్ళు ప్రాక్టీస్ చేశాను, ఇక్కడ లైసెన్సు లేదు. కాబట్టి ఇది సలహా కాదు, అరుగు మీద కబురు అనుకోండి.

బావ గారు చెప్పింది నిజమే, సగమే చెప్పారు. స్మాల్ క్లెయిమ్స్‌లో వాదికి అప్పీలు లేదు. ఓడితే ఇంటికే. ప్రతివాదికి మాత్రం 30 రోజుల్లో అప్పీలుంది, అక్కడ విచారణ మొదటినుంచీ మళ్ళీ జరుగుతుంది, లాయర్లూ వస్తారు. బావ గారూ, మీ 4,900 చేతికి ఎప్పుడొచ్చింది?

రెండోది, ఒక దెబ్బకి ఒకే కేసు. ఈరోజు బిల్లులకి వేసి, ఆర్నెల్ల తర్వాత కాలు తిమ్మిరెక్కుతోందని మళ్ళీ వేస్తానంటే కుదరదు. 12,500కి మించిన నష్టం ఏదైనా ఉంటే అది వదులుకున్నట్టే. అందుకని గాయం కథ ముగిసిందా లేదా అన్నది డాక్టర్ చెప్పాకే అంకె వేయాలి. కంగారేమీ లేదు, ఒంటికి తగిలిన దెబ్బకి గడువు రెండేళ్ళు.

మూడోది మీరెవరూ ఆలోచించనిది. వాది ఎవరు? మీరు కాదు, అమ్మగారు. ఆవిడ కోర్టులో స్వయంగా హాజరవ్వాలి. కొడుకు పక్కన సాయంగా ఉండటానికి జడ్జి ఒప్పుకోవచ్చు, ఆవిడ బదులు కేసు నడపలేడు. అక్టోబర్‌లో విమానం ఎక్కేస్తే ఎలా?

బే_ఏరియా_బావ:

వకీలు గారు గట్టిగానే పట్టుకున్నారు. ఒప్పుకుంటా: వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, సూటు వేసుకున్న లాయర్ వచ్చాడు. చివరికి 4,200 వచ్చింది, మొత్తం పదకొండు నెలలు. అయినా వచ్చింది కదా. నోరు మూసుకుని కూర్చుంటే సున్నా.

అమ్మగారి సంగతికి దారి ఉంది. కాగితం వేసిన రోజు నుంచి సుమారు 20 నుంచి 70 రోజుల మధ్య విచారణ తేదీ ఇస్తారు. ఇప్పుడే వేస్తే టికెట్ లోపలే పడొచ్చు. పడకపోతే వీడియోలో హాజరవుతామని కోర్టుని ముందే అడగొచ్చు. దుబాసీ కావాలన్నా ముందే చెప్పాలి. ఒక్క జాగ్రత్త, కేసు కాగితాలు అమ్మగారు స్వయంగా వెళ్ళి ఆయన చేతికివ్వకూడదు. కేసులో పేరు లేని, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళెవరైనా ఇవ్వాలి.

చారుగిన్నె:

ఇన్సూరెన్స్ క్లెయిముల డెస్కులో తొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తున్నా. పైన చదువుతుంటే చేతులు దురద పెడుతున్నాయి. అందరూ కోర్టు, గుడి, పరువు అంటున్నారు. ఆయన ఇంటి ఇన్సూరెన్స్ సంగతి ఒక్కరూ ఎత్తలేదేం?

ఇల్లు లోన్ మీద ఉంటే హోమ్ ఇన్సూరెన్స్ ఉండి తీరుతుంది. చాలా పాలసీల్లో కుక్క కాటు లయబిలిటీ (ఇంటివాళ్ళవల్ల బయటివాళ్ళకి జరిగే నష్టం) కిందే వస్తుంది, లిమిటు లక్ష నుంచి మూడు లక్షల డాలర్ల దాకా ఉండటం మామూలు. కొన్ని జాతుల కుక్కల్ని మినహాయించే పాలసీలూ ఉన్నాయి, అది చూసుకోవాలి. దాంతోపాటు మెడికల్ పేమెంట్స్ అని చిన్న భాగం ఉంటుంది, సాధారణంగా 1,000 నుంచి 5,000 వరకు. దానికి తప్పు ఎవరిదన్న వాదన కూడా అక్కర్లేదు, బయటివాళ్ళకి ఆ ఇంటివల్ల దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఇస్తారు.

ఆయన జవాబివ్వకపోవడానికి నా అనుమానం, జేబులోంచి ఐదు వేలు తీయాలనుకుని బిగుసుకుపోయాడు. "మీ డబ్బు వద్దు, మీ పాలసీ నంబర్ ఇవ్వండి" అని ఒక్క ఉత్తరం రాయండి. ఎలాగూ ఎస్‌సీ-100లో "ముందుగా డబ్బు అడిగారా?" అనే ప్రశ్న ఉంటుంది. ఈ ఉత్తరం రెండు పనులకీ వస్తుంది. మన తెలుగువాడి మీద కేసా అని నలిగిపోయేవాళ్ళకి కూడా ఇదే దారి. పోట్లాట ఆయనతో కాదు, ఆయన ప్రీమియం కట్టిన కంపెనీతో.

హైదరాబాదీ_ఇరానీచాయ్:

మీ చర్చ చూస్తుంటే ముచ్చటేస్తున్నది. ఇక్కడ మా గల్లీలో కరిచే కుక్కకి ఓనరే ఉండడు. 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక తీర్పులో కుక్క పంటి గాటు ఒక్కోదానికి కనీసం పది వేల రూపాయలు లెక్కకట్టమంది, ఇచ్చేది ప్రభుత్వం. పేపర్లో అది చదివి మా మామయ్య ప్యాంటు పైకి లాగి పాత గాట్లు లెక్కపెట్టుకున్నాడు.

ఫ్రిస్కో_ఫణి:

పైన కాలిఫోర్నియా సంగతి చదివి టెక్సాస్‌లో ఎవరూ అదే లెక్క వేసుకోకండి. ఇక్కడ చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా వేయొచ్చు, లాయర్‌ని పెట్టుకోవచ్చు, ఓడినవాళ్ళెవరైనా అప్పీలుకి వెళ్ళొచ్చు. కానీ కుక్క విషయంలో కాలిఫోర్నియా లాంటి చట్టం లేదు. కుక్క ప్రమాదకరమైనదని యజమానికి ముందే తెలుసనో, ఆయన అజాగ్రత్తగా ఉన్నాడనో మీరే చూపించాలి. గ్యారేజీ తలుపు తీసి వదిలేయడం అజాగ్రత్త అవుతుందా అని ఇక్కడైతే గంట వాదన.

పాత_వకీలు:

చారుగిన్నె గారి మాటకి నా ఓటు, ఒక హెచ్చరికతో. ఇన్సూరెన్స్ కంపెనీ చెక్కు ఊరికే రాదు. లయబిలిటీ కింద ఇచ్చేటప్పుడు రిలీజ్ అనే కాగితం మీద సంతకం తీసుకుంటారు. "ఈ కాటు గురించి ఇక ఎప్పుడూ ఏమీ అడగను" అని దాని సారాంశం. సంతకం పెట్టాక కోర్టు దారి కూడా మూతబడుతుంది.

అంకె గురించి కూడా. 5,340 అన్నది ఆసుపత్రి వేసిన బిల్లు. 2011లో హావెల్ కేసులో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు తేల్చింది, ఇన్సూరెన్స్ కంపెనీ ఆసుపత్రితో మాట్లాడుకుని తక్కువకి తీర్చేస్తే, తీర్చిన మొత్తమే నష్టం, కాగితం మీది పెద్ద అంకె కాదు. మీకు అలాంటి ఒప్పందం ఏమీ లేదు కాబట్టి ఆసుపత్రిని వివరమైన బిల్లు అడిగి, బేరమాడి, చివరి బాకీ ఎంతో తేల్చుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్ ఇచ్చిన 1,100 కూడా కుక్క యజమాని నుంచి అడగొచ్చు, కాకపోతే మీ పాలసీలో తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూడండి.

నెమలికన్ను:

అదేంటండీ, ఒకసారి వచ్చిన 1,100 మళ్ళీ అడగడం రెండుసార్లు తీసుకోవడం కాదూ? చట్టం ఒప్పుకోవచ్చు, మనసొప్పుకోదు.

పాత_వకీలు:

ప్రీమియం కట్టింది కొడుకు. ఆ జాగ్రత్త లాభం కుక్కని వదిలేసిన మనిషికి ఎందుకు పోవాలి? చట్టం ఆలోచన అది. మనసు సంగతి నేను చెప్పలేను.

బే_ఏరియా_బావ:

లాయర్ సంగతి ఎవరూ తేల్చలేదు. ఇలాంటి కేసులకి ముందు ఫీజు అడగరు, వచ్చినదాంట్లో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా తీసుకుంటారు. ఏడు కుట్ల కేసుకి మంచి లాయర్ ఫోన్ ఎత్తడం కష్టం. కాలు నరం దెబ్బతిన్నదనో, ప్లాస్టిక్ సర్జరీ కావాలనో అంటే అప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు నేనైనా స్మాల్ క్లెయిమ్స్ గడప తొక్కను.

తెనాలి_టు_ఫ్రీమాంట్ (మూడు వారాల తర్వాత):

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు క్షమించండి.

చారుగిన్నె గారు చెప్పినట్టే ఉత్తరం రాశా. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో. మూడో రోజు ఆయన భార్య ఇంటికొచ్చింది, డబ్బాలో సున్నుండలు పట్టుకుని. ఇన్సూరెన్స్‌కి చెబితే ప్రీమియం పెరుగుతుందని, కుక్కని తీసుకుపోతారని భయపడ్డారట. అమ్మ ఆవిడని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది, తర్వాత చీర కొంచెం పైకి తీసి మచ్చ చూపించింది. ఏమీ అనలేదు. ఆవిడ కాసేపు చూసి, పాలసీ నంబర్ నా ఫోన్‌లోకి తనే టైప్ చేసి వెళ్ళింది.

కుక్క సంగతి చూసేది యానిమల్ కంట్రోల్ అని, స్మాల్ క్లెయిమ్స్ తేల్చేది డబ్బు లెక్క అని నేనే ఆవిడకి చెప్పాల్సొచ్చింది.

నిన్న కంపెనీ నుంచి ఫోన్. బాకీ మొత్తం కట్టి, పైన 1,500 ఇస్తామన్నారు. రిలీజ్ కాగితం మెయిల్‌లో ఉంది. మా ఆవిడ 1,500 ఏ మూలకని అంటోంది. నాన్న "సంతకం పెట్టేయ్, పీడా పోతుంది" అంటున్నాడు. ఒక చిక్కుంది. కుట్లు విప్పాక కూడా మచ్చ కింద అరచేయంత మేర స్పర్శ తెలియట్లేదంటోంది అమ్మ. సబ్బు రాసుకుంటుంటే ఎవరిదో కాలు తోముతున్నట్టు ఉందట.

పాత_వకీలు:

సంతకం పెట్టకండి. డాక్టర్ చూసి రాసిచ్చేదాకా పెన్ను మూత తీయకండి.

చారుగిన్నె:

నేను కూడా అదే అంటా, మా డెస్కు తరఫున కాకపోయినా. మొదటి ఆఫర్ మొదటి ఆఫరే. ఆ స్పర్శ సంగతి డాక్టర్ నోట్సులోకి ఎక్కించండి, ఫొటోలు పంపండి. మెడికల్ పేమెంట్స్ భాగం విడిగా రిలీజ్ లేకుండా ఇస్తారేమో అడగండి, ఆసుపత్రి బాకీ ఒత్తిడైనా తగ్గుతుంది.

నెమలికన్ను:

సున్నుండలు తెచ్చిన మనిషి మీదికి ఇంకా కేసు అంటారా? అడిగిన నంబర్ ఇచ్చింది, కంపెనీ డబ్బిస్తానంది. నేనైతే ఇక్కడ ఆగుతాను.

తెనాలి_టు_ఫ్రీమాంట్:

నెమలికన్ను గారూ, అమ్మ కూడా మొన్నటిదాకా మీ మాటే అంది. నిన్న రాత్రి మాత్రం "స్పర్శ తిరిగొస్తుందో లేదో తెలుసుకుని చెబుతానని వాళ్ళకి చెప్పరా" అంది. నరాల డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. ఎస్‌సీ-100 నింపా, మొత్తం దగ్గర గడి ఖాళీగా వదిలి డ్రాయర్‌లో పెట్టా.

బే_ఏరియా_బావ:

గురువారం సాయంత్రం ఆ గడిలో ఏం రాశారో ఇక్కడ చెప్పండి. మూడు సెట్లు ప్రింట్ మర్చిపోకండి.