ఒక్కరే గంటసేపు పాడుతూ నవ్వించాలంటే ఎలా? చేసినవాళ్లు చెప్పండి

కీబోర్డు కుర్రాడు: వచ్చే నెల బంజారాహిల్స్‌లో నా మొదటి సోలో షో. నేనూ, నా కీబోర్డూ, అంతే. ఇంటర్‌లో ఎంసెట్ కోచింగ్ ఎగ్గొట్టి సంగీతం క్లాసుకు పోవడం, నాన్నకు దొరికిపోవడం, అదీ కథ. ఆరు పాటలున్నాయి. పాట అయిపోయి మాటల్లోకి దిగగానే హాలు చల్లబడిపోతోంది. ఏం చేయాలి? ఇంకోటి, 2024 నుంచి తెలంగాణలో ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది కదా, నా పల్లవిలో ప్రాస గోవిందా.

నల్లకుంట అక్క: ఎంసెట్ అనే ఉంచు తమ్ముడూ, మా ఇంట్లో ఇప్పటికీ అదే అంటారు. మాట్లాడేటప్పుడు కూడా ఎడమచెయ్యి కీబోర్డు మీంచి తీయకు, రెండు కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) మెల్లగా తిప్పుతూనే ఉండు. నేను గిటార్‌తో లామకాన్‌లో (బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక) ఓపెన్ మైక్ చేసినప్పుడు నేర్చుకున్నది ఇదే. జనం నవ్వుతుండగా తర్వాతి లైను అందుకున్నానా, ఆ లైను ఎవరికీ వినపడదు. ఇప్పుడు ప్రతి జోకు తర్వాతా రెండు ఆవర్తనాలు ఖాళీగా వాయిస్తా. నవ్వు రాకపోతే అదే మ్యూజిక్ బిట్ అనుకుంటారు!

ట్రాన్స్‌పోజ్ బాధితుడు: షోకి ముందు కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతి పైకీ కిందికీ జరిపేది) సున్నా మీద ఉందో లేదో చూసుకో. నాది ప్లస్ 4 మీద ఉండిపోయింది. చరణం మొత్తం పిల్లిలా అరిచా.

హరిదాసు మనవడు: ఇది మనకు కొత్తేం కాదు. హరికథలో ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) గజ్జె కట్టి, చిడతలు పట్టి పాట, ఆట, మాట ఒక్కరే నడిపించారు. మా తాత ఎప్పుడూ పాట పూర్తిచేసి పిట్టకథ చెప్పేవాడు కాదు. పల్లవి సగంలో ఆపేసి, పిట్టకథ చెప్పి, జనం నవ్వుతుండగానే మిగతా సగం అందుకునేవాడు. నీ షోలో పాట అయిపోతోంది, అక్కడే చల్లబడుతోంది. ఎవరైనా కునుకు తీస్తుంటే "శ్రీమద్రమారమణ గోవిందో" అని ఒక్క కేక, పందిరంతా "హరి" అనాల్సిందే. అలాంటిది ఒకటి కట్టుకో.

నల్లకుంట అక్క: నాన్న సంగతి మర్చిపోయా. నేను మొదట్లో మా నాన్నను విలన్ చేసి పాట కట్టా, ఎవరూ నవ్వలేదు. తిట్టిన వారానికే ఆయన నా గిటార్‌కు పాత బియ్యం సంచితో కవరు కుట్టించుకొచ్చాడు. సరిగ్గా వీపు మీద "సోనా మసూరి, 25 కిలోలు" అని. ఆ కవరు తగిలించుకుని స్టేజీ ఎక్కుతా ఇప్పుడు, పాట మొదలుకాకముందే సగం పని అయిపోతుంది.

కీబోర్డు కుర్రాడు: అక్కా, అన్నా, థాంక్స్. మా నాన్న చుట్టాలకు నా ర్యాంకు ఇప్పటికీ తగ్గించే చెప్తాడు, ఏటా ఇంకో రెండు వేలు తగ్గిస్తూ. విలన్ పాట తీసేశా. ర్యాంకు తగ్గినప్పుడల్లా హాలంతా "అబ్బో" అనాలి. బటన్ కూడా చూసుకున్నా, ప్లస్ 1 మీద ఉంది.