సబ్‌జైలుకు సందర్శకుడిగా వెళ్ళేవారు ఏం చూడాలి, ఎలా నమోదు చేయాలి?

ప్రశ్న – విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు ప్రాంతం

సభ్యులందరికీ నమస్కారం. మా దగ్గరి సబ్‌జైలుకు నన్ను అనధికార సందర్శకుడిగా, అంటే జైలు పరిస్థితులను చూసి నమోదు చేసే, ప్రభుత్వోద్యోగి కాని సందర్శకుడిగా నియమించే ప్రతిపాదన ఉన్నట్టు తెలిసింది. గతంలో ఇలాంటి బాధ్యత చేసిన ఒక పెద్దమనిషిని అడిగితే, ముందురోజు ఫోన్ చేసి చెప్పి వెళ్ళడం, వంటశాల ఒకసారి చూడడం, సందర్శకుల పుస్తకంలో ‘అంతా సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టడం ఆనవాయితీ అన్నారు. రేపు లోపల ఎవరైనా దెబ్బలు తిని మరణిస్తే, ఆ సంతకమే అధికారులకు రక్షణగా నిలుస్తుందేమోనన్న ఆందోళన నాకు ఉంది. అక్కడ నిజంగా ఏం చూడాలో, చూసినదానిని ఎలా రాయాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు – న్యాయ సేవాధికార సంస్థ (ఉచిత న్యాయ సహాయం అందించే సంస్థ) ప్యానెల్ న్యాయవాది

మాస్టారూ, మీ ఆందోళన సహేతుకమైనదే. తీహార్ జైలులో తోటి ఖైదీని హింసించారని సునీల్ బత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించి, 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం ఇచ్చిన తీర్పులో ఫిర్యాదుల పెట్టెలు ఉండాలనీ, జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జి జైళ్ళకు వెళ్ళి ఖైదీల మాట వినాలనీ స్పష్టంగా ఉంది. కస్టడీ హింసకు సంబంధించిన డి.కె. బసు కేసులో 2015లో ఇచ్చిన ఉత్తర్వులోనైతే, జైళ్ళతో పాటు పోలీసు స్టేషన్లకు కూడా అనధికార సందర్శకులను నియమించే విషయం పరిశీలించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి మీరు వెళ్ళేది ఎవరి దయతోనో కాదు.

నెల్సన్ మండేలా నియమాలుగా పేరుపొందిన ఐక్యరాజ్యసమితి ప్రమాణాలలో 84వ నియమం ప్రకారం, తనిఖీకి వచ్చినవారు ముందుగా చెప్పకుండా రావచ్చు, రికార్డులన్నీ చూడవచ్చు, ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడవచ్చు. మన రాష్ట్ర జైలు నియమావళి మీకు వీటిలో ఏవేవి అనుమతిస్తుందో నియామకపు ఉత్తర్వు అందగానే సరిచూసుకోండి. సిబ్బందికి కనిపించే దూరంలో, వారికి వినిపించని చోట మాట్లాడతానని మర్యాదగానే పట్టుబట్టండి. పుస్తకంలో అభిప్రాయాలు వద్దు. ‘మరుగుదొడ్లు బాగాలేవు’ అనే వాక్యానికి ఎవరూ జవాబు చెప్పరు. ఏ బ్యారక్‌లో, ఎందరికి, ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయో, వాటిలో నీళ్ళు రానివి ఎన్నో తేదీతో సహా రాస్తే, తరువాతిసారి వెళ్ళినప్పుడు అదే పేజీ తెరిచి ఏం చేశారని అడగవచ్చు.

జవాబు – జైలు ఆసుపత్రిలో పనిచేసి విరమించిన వైద్యుడు

న్యాయవాది గారు చెప్పినదంతా అవసరమే. అయితే నా అనుభవంలో హింస ఎక్కువగా జరిగేది జైలుకు రాకముందు, పోలీసు స్టేషన్‌లో గడిచిన తొలి గంటలలో. జైలు గేటు దగ్గర జరిగే తొలి వైద్యపరీక్ష అందుకే అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. గాయాలను జైలువారే దాచిపెడతారని చాలామంది అనుకుంటారు గానీ, తీసుకువచ్చేనాటికే ఉన్న గాయం నమోదు కాకపోతే ఆ నింద తమ మీదికి వస్తుందని జైలు సిబ్బందికి బాగా తెలుసు.

అరెస్టయిన వ్యక్తిని వెంటనే వైద్యుడు పరీక్షించి, గాయాల గుర్తులను, అవి తగిలిన సుమారు సమయాన్ని రాయాలని, ఆ నివేదిక ప్రతిని ఆ వ్యక్తికి గానీ ఆయన సూచించినవారికి గానీ ఇవ్వాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 53వ సెక్షన్ చెబుతోంది. డి.కె. బసు కేసులో 1996లో వచ్చిన తొలి తీర్పు ప్రకారం కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు పరీక్ష జరగాలి. అరెస్టు మెమోలోని (అరెస్టు చేసినప్పుడు పోలీసులు రాసే పత్రంలోని) సమయాన్ని, ఆసుపత్రి నివేదికను, జైలు తొలిపరీక్షను పక్కపక్కన పెట్టి చదవండి. ఆసుపత్రి కాగితంలో ‘గాయాలు లేవు’ అని ఉండి, మర్నాడు జైలులో అరికాళ్ళ మీద కమిలిన వాపు నమోదైతే, ఆ తేడాను మీరు ఎవరినీ నిందించకుండా ఉన్నది ఉన్నట్టు రాసినా సరిపోతుంది. అందరి కాగితాలూ చూడడం సాధ్యం కాకపోతే ఆ వారంలో కొత్తగా వచ్చినవారివి చూడండి.

జవాబు – పారా లీగల్ వాలంటీరు, వరంగల్

పై జవాబుకు ఒక విషయం చేర్చాలి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు, లాకప్‌లతో సహా పోలీసు స్టేషన్లలో మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలనీ ఆదేశించింది. వైద్య పత్రాలలో తేడా కనిపించిన రోజే ఖైదీ తరఫు న్యాయవాదికి తెలియజేసి, ఆ తేదీల దృశ్యాలను భద్రపరచాలని కోర్టులో దరఖాస్తు వేయించాలి. ఆలస్యమైతే ‘ఆ రోజు కెమెరా పనిచేయలేదు’ అనే సమాధానం వస్తుంది.

రెండో విషయం కులం. సుకన్య శాంత కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, రిజిస్టర్లలో కులం గడిని తొలగించమంది. వివక్ష ఇంకా సాగుతోందేమో చూసే పనిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలకు, జైళ్ళను తనిఖీ చేసే సందర్శకుల మండళ్ళకు కలిపి అప్పగించింది. వంట ఎవరు చేస్తున్నారో, మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారో అడగడం ఇప్పుడు మీ విధిలో భాగమే. దయచేసి ఈ ప్రశ్నను మొహమాటంతో వదిలేయకండి.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం మిగిలింది. నాతో మాట్లాడిన ఖైదీని నేను వెళ్ళిపోయాక వేధిస్తే ఆయన పరిస్థితి ఏమిటి?

జవాబు – ప్యానెల్ న్యాయవాది

అది నిజమైన ప్రమాదమే. ఒక్కరితోనే మాట్లాడి రాకండి. ఒకే బ్యారక్‌లో పలువురిని పిలిచి, ఒక్కొక్కరితో దాదాపు సమాన సమయం మాట్లాడితే ఫిర్యాదు ఎవరిదో సులభంగా తెలియదు. ఖైదీ ఒప్పుకోనిదే పేరు రాయవద్దు. కొద్దిరోజులలోనే, చెప్పకుండా, మళ్ళీ వెళ్ళి ఆయనను చూడండి. తీవ్రమైన విషయమైతే పుస్తకంలో రాసి ఊరుకోకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి అదే రోజు లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. వేరే జైలుకు మార్పించమని కోర్టును అడగవలసివస్తే మాత్రం ముందుగా ఆయననే అడగండి. దూరమైతే ములాఖత్‌కు రావడానికి ఇంట్లోవారికి బస్సు ఛార్జీలు ఉండకపోవచ్చు, ఆ సంగతి ఆయనకే బాగా తెలుస్తుంది.