రగ్బీ లీగ్‌కి ఐసీసీ లాంటిది ఉందా అసలు? ఎవరు నడుపుతున్నారు దీన్ని?

కూకట్‌పల్లి కుర్రోడు:
2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది కదా, హైదరాబాద్ హీరోస్ అని మన ఊరి పేరుతో టీమ్ ఉందని చూడ్డం మొదలెట్టా, కప్పు చెన్నై బుల్స్ ఎత్తుకుపోయారు అది వేరే సంగతి. అప్పట్నుంచి యూట్యూబ్ వదలకుండా రగ్బీ వీడియోలే చూపిస్తోంది, వాటిల్లో ఒక రకం మాత్రం తేడాగా ఉంది. టీమ్‌కి పదమూడు మంది, బాల్ పట్టుకున్నోణ్ణి పడేస్తే వాడు లేచి కాలితో బాల్‌ని వెనక్కి తోస్తాడు, మళ్ళీ ఆట మొదలు, ఆరు సార్లు పడేస్తే బాల్ అవతలోళ్ళకి ఇచ్చెయ్యాలి. ముంబైలో ఆడింది ఏడుగురి ఆట, రగ్బీ వరల్డ్ కప్ అని టీవీలో వచ్చేది పదిహేను మందిది, ఇది మూడోది, రగ్బీ లీగ్ అంటారంట. నాకైతే ఇదే ఎక్కేసింది, అస్సలు ఆగదు.
డౌట్ ఏంటంటే, 2022లో జరిగిన వీళ్ళ వరల్డ్ కప్‌లో మగాళ్ళ టీములు పదహారు, 2026లో ఆస్ట్రేలియాలో పెట్టేదాంట్లో పదే అంట. ఏ ఆటైనా టీములు పెంచుకుంటా పోతుంది, వీళ్ళేంటి తగ్గించారు? పైగా పాపువా న్యూ గినీకి ఇదే జాతీయ ఆట అంటున్నారు, అంతుంటే మిగతా దేశాల్లో ఎందుకు లేదు? ఇండియాలో ఉందా? తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి, వికీ లింకులు పెట్టొద్దు దండం పెడతా.

సిడ్నీ శీను:
తమ్ముడూ, ఐసీసీ లాంటిది ఉంది, ఇంటర్నేషనల్ రగ్బీ లీగ్ అంటారు, ఐఆర్‌ఎల్. కాకపోతే ఐసీసీలో బీసీసీఐ మాట ఎంత చెల్లుతుందో ఇక్కడ ఆస్ట్రేలియా బోర్డు మాట అంతకు రెండింతలు చెల్లుతుంది. డబ్బంతా ఎన్‌ఆర్‌ఎల్ (ఇక్కడ ఆస్ట్రేలియాలో జరిగే క్లబ్బుల లీగ్) టీవీ హక్కుల్లో ఉంది, ఐఆర్‌ఎల్‌కి చెప్పుకోదగ్గ ఆదాయం వరల్డ్ కప్ పెడితేనే. క్లబ్బులోళ్ళు ప్లేయర్లకి జీతాలిచ్చేది మార్చి నుంచి అక్టోబర్ దాకా ఆడించుకోడానికి, దేశం కోసం ఆడి మోకాలు విరగ్గొట్టుకొస్తే వాళ్ళకేం లాభం? అందుకే ఇంటర్నేషనల్ మ్యాచులు ఎప్పుడూ సీజన్ చివర మిగిలిన నాలుగు వారాల్లో ఇరికిస్తారు.
ఒక్క ముక్కలో అర్థం కావాలంటే 2021 చూడు. ఇంగ్లండ్‌లో వరల్డ్ కప్ అంతా సిద్ధం, జులై 22న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ బోర్డులు రెండూ కలిసి కోవిడ్ అని రామని చెప్పేశాయి. మర్నాడే టోక్యో ఒలింపిక్స్ ఓపెనింగ్, రెండు దేశాలోళ్ళూ అక్కడ జెండాలు పట్టుకుని నడుస్తున్నారు! రెండు బోర్డులు కాదంటే వరల్డ్ కప్పే ఏడాది వెనక్కి పోయింది, ఐఆర్‌ఎల్ చెయ్యగలిగింది ఏం లేదు. 2022లో ఆడినా పేరు మాత్రం 2021 వరల్డ్ కప్ అనే ఉంచారు.
ఇక పాపువా న్యూ గినీ. అక్కడ క్రికెట్ పిచ్చి మనకెంతో వాళ్ళకి లీగ్ పిచ్చి అంత, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కీ న్యూ సౌత్ వేల్స్‌కీ జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ కోసం అక్కడ ఇళ్ళల్లోనే రెండు పార్టీలు, తమది కాని రాష్ట్రాల కోసం! పీఎన్‌జీ హంటర్స్ అని టీమ్ 2014 నుంచి క్వీన్స్‌లాండ్ పోటీలో ఆడి 2017లో కప్పు కూడా కొట్టింది. 2028లో పీఎన్‌జీ చీఫ్స్ అనే టీమ్ ఎన్‌ఆర్‌ఎల్‌లోకే వస్తోంది. మరి డబ్బెవరిది అంటే ఆస్ట్రేలియా ప్రభుత్వానిది, పదేళ్ళకి 60 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, 2024 డిసెంబర్‌లో రెండు దేశాల ప్రధానులూ పక్కపక్కన నిలబడి ప్రకటించారు. ఆట మీద ప్రేమ అనుకోకు, 2022లో పక్కనున్న సాలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం రాసుకున్నాక కాన్‌బెర్రాకి నిద్ర పట్టట్లేదు. అంటే ఆట పెరిగేది కూడా ఐఆర్‌ఎల్ ప్లాన్ వేస్తే కాదు, విదేశాంగ శాఖ చెక్కు రాస్తే.

లీడ్స్ గోదారోడు:
శీను గారు చెప్పింది నిజమేనండి కానీ అసలు రోగం ఇంకా పాతది. ఈ ఆట పుట్టిందే ఒక జీతాల గొడవలో. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్‌లో రగ్బీ ఆడేవాళ్ళంతా బొగ్గు గనుల్లో, మిల్లుల్లో కూలీలండి, శనివారం ఆటకెళ్తే ఆ పూట కూలి పోయేది, దానికి ఆరు షిల్లింగులు ఇప్పించమంటే లండన్ పెద్దమనుషులు అది డబ్బుకి ఆడటం అవుద్ది కుదరదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూచుని విడిపోయాయి, 1906 కల్లా ఇద్దరేసి మనుషుల్ని తగ్గించి పదమూడు చేశారు, మీరు చూసిన ఆ కాలితో వెనక్కి తోసేది కూడా అప్పుడొచ్చిందే. ఆ తర్వాత వందేళ్ళు, అంటే 1995లో యూనియన్ వాళ్ళూ (ఆ పదిహేను మంది ఆట వాళ్ళు) జీతాలిచ్చేదాకా, లీగ్ ఆడినోణ్ణి యూనియన్ వాళ్ళు గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు.
ఫ్రాన్స్ సంగతి వింటే కడుపు మండుద్దండి. జాన్ గాలియా అనే ఆయన 1934లో అక్కడ లీగ్ మొదలెట్టాడు, ఐదారేళ్ళలో జనం విరగబడ్డారు, యూనియన్ క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి ఇటు దూకేశాయి. ఇంతలో యుద్ధం, జర్మనీకి లొంగిపోయిన విషీ సర్కారు 1941లో డిక్రీ పెట్టి లీగ్‌ని నిషేధించి ఆస్తులు కూడా లాగేసుకుంది. యుద్ధమయ్యాక ఆడుకోనిచ్చారు గానీ రగ్బీ అనే పేరు పెట్టుకోనివ్వలేదు, పదమూడు మంది ఆట అని చెప్పుకుని బతకాల్సొచ్చింది. అంత దెబ్బ తిని కూడా 1951లో ఆస్ట్రేలియా వెళ్ళి సిరీస్ గెలిచొచ్చారు చూడండి. 1954లో మొట్టమొదటి వరల్డ్ కప్ జరిగిందే ఫ్రాన్స్‌లో, వాళ్ళ పట్టుదల వల్లే. అదే ఫ్రాన్స్ 2025 వరల్డ్ కప్ పెడతానని 2023 మేలో చేతులెత్తేసింది, డబ్బు గ్యారంటీల దగ్గర ప్రభుత్వంతో లెక్క కుదరలేదు. ఆ దెబ్బకే టోర్నీ 2026కి, ఆస్ట్రేలియాకి, పది టీములకి వచ్చి పడింది, మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదేనండి.
ఇక్కడ ఇంగ్లండ్‌లో క్లబ్బులదే రాజ్యం. టొరంటో వుల్ఫ్‌ప్యాక్ అని కెనడా టీమ్ 2017లో కింది డివిజన్ నుంచి మొదలెట్టి 2020కి ఇక్కడి పై డివిజన్ సూపర్ లీగ్‌కి ఎక్కింది, టీవీ డబ్బుల్లో వాటా మాత్రం ఇవ్వలేదు, కోవిడ్ రాగానే ఓనర్ జీతాలు ఆపేశాడు, సీజన్ మధ్యలో తప్పుకుంది. మళ్ళీ చేరతాం అంటే మిగతా క్లబ్బులు ఓటేసి వద్దన్నాయి. ఓనర్ని నమ్మలేం నిజమే, కానీ కేకు ముక్క చిన్నదవుద్దని ఓటేసిన వాళ్ళూ ఉన్నారని నా అనుమానం. ఒక్కటి మాత్రం నిలబడింది, ఫ్రాన్స్‌లోని పర్పిన్యాన్ నుంచి కాటలాన్స్ డ్రాగన్స్, 2006లో వచ్చి 2018లో ఛాలెంజ్ కప్ పట్టుకెళ్ళారు. అక్కడ ముందునుంచీ లీగ్ ఆడే ఊళ్ళున్నాయండి, టొరంటోలో అది లేదు.

ఆక్లాండ్ అనూష:
ఇద్దరూ ఏడుపు కథలే చెప్పిన్రు గానీ అన్నలూ, టోంగా ముచ్చట యాది మరిస్తే ఎట్ల? 2017ల జేసన్ టౌమలోలో న్యూజిలాండ్‌ని, ఆండ్రూ ఫిఫీటా ఆస్ట్రేలియాని కాదని టోంగాకి ఆడతమన్నరు, పైసలు చానా తక్కువైనా సరే. ఆ వరల్డ్ కప్‌లనే హామిల్టన్‌ల న్యూజిలాండ్‌ని 28-22తో ఓడగొట్టిన్రు. ఇగ ఆక్లాండ్ రోడ్ల మీద చూడాలె, ఎర్ర జెండాలు కార్లకు కట్టుకొని, బానెట్ మీద కూసొని, ట్రాఫిక్ మొత్తం జాం.
అసలు మజా 2019ది. కోచ్‌ని తీసేసిన్రని ప్లేయర్లంతా సొంత బోర్డు మీద తిరగబడ్డరు, గా బోర్డు కింద ఆడమని కూసున్నరు, అంతర్జాతీయ సంఘం గా బోర్డునే సస్పెండ్ చేసింది. మరి టీమ్ ఎట్ల? టోంగా ఇన్విటేషనల్ అని పేరు పెట్టి ఆడించిన్రు, ఆ పేరుతోనే నవంబర్‌ల ఈడెన్ పార్క్‌ల ఆస్ట్రేలియాని 16-12తో కొట్టిన్రు. చేతిల బోర్డే లేదు, ప్రపంచ ఛాంపియన్ని కొట్టిన్రు! 2022ల సమోవా అయితే సెమీస్‌ల ఇంగ్లండ్‌ని 27-26తో ఓడగొట్టి ఫైనల్‌కే పోయింది. శీనన్నా, గిదంత ఏ చెక్కుతోని వచ్చింది? పైవాళ్ళు చేసింది ఒక్కటే, ఒకసారి పెద్ద దేశానికి ఆడినోడు అమ్మనాన్నల దేశానికి మారొచ్చని రూల్ వదులు చేసిన్రు. గా ఒక్క రూల్‌తోనే ఆట మారిపోయింది.

సిడ్నీ శీను:
అనూషా ఒప్పుకుంటా, కానీ ఆ టోంగా, సమోవా కుర్రాళ్ళలో చాలామంది పెరిగింది ఇక్కడ వెస్టర్న్ సిడ్నీలో, మీ సౌత్ ఆక్లాండ్‌లో, కోచింగ్ ఇచ్చింది ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బులే. రేపు ఆ క్లబ్బులు నవంబర్‌లో వదలం అంటే టోంగా టీమ్ ఎక్కడుంటుంది? టోంగా రాజధాని నుకుఅలోఫాలో సొంత లీగ్ నిలబడితే అప్పుడు పెరిగిందంటా.

ఆక్లాండ్ అనూష:
గట్లైతే ఏ చిన్న దేశం పెరగనట్టే అన్నా. పిల్లలు ఏ జెర్సీ అడుగుతున్నరో చూడు ముందు.

దుబాయ్ కరీంనగర్:
ఇండియా గురించి అడిగినవ్ గద తమ్మీ. మన దగ్గర సర్కారు గుర్తింపు ఉన్నది రగ్బీ ఇండియాకి, అది యూనియన్ వాళ్ళ కింద ఉంటది. ఏడుగురి ఆట 2016 నుంచి ఒలింపిక్స్‌ల ఉన్నది కాబట్టి గ్రౌండ్లు, పైసలు అన్నీ గటే పోతయ్. లీగ్ ఒలింపిక్స్‌ల లేదు. చానా దేశాల్ల ఇదే లొల్లి, రగ్బీ అంటే ఒక్కటే గద, ఒక సంఘం ఉన్నది గద, నువ్వెవరు అంటరు. సౌత్ ఆఫ్రికాల లీగ్ సంఘం గిదే మాట విని విని అలిసిపోయింది. ఇక్కడ ఎమిరేట్స్‌ల అయితే 2015ల లీగ్ ఆడిపించే ఆయన మీద రగ్బీ ఫెడరేషన్ కంప్లైంట్ ఇస్తే జైల్ల పెట్టిన్రు. ఆటాడిపిచ్చినందుకు జైలు, ఆలోచన చెయ్. ఎవరన్న ఇక్కడ పార్కుల ఆడదామంటే టచ్ రగ్బీ అని చెప్పుకొని ఆడుడే మంచిది, నా సలహా.

కూకట్‌పల్లి కుర్రోడు:
అమ్మో ఇంత ఉందా, థాంక్యూ అందరికీ. అమెరికా ఏంటి మరి, లాస్ వేగాస్‌లో మ్యాచ్ వీడియో చూశా, స్టేడియం నిండుగానే ఉంది?

సిడ్నీ శీను:
అది ఎన్‌ఆర్‌ఎల్ 2024 నుంచి సీజన్ ఓపెనింగ్ అక్కడ పెడుతోంది, అలీజియంట్ స్టేడియంలో. కూర్చున్నోళ్ళలో చాలామంది ఇక్కడ్నుంచి ఫ్లైట్ ఎక్కి వెళ్ళినోళ్ళే, మా ఆఫీసులోనే ఇద్దరు వెళ్ళొచ్చారు, ఆటకంటే కాసినో గురించే ఎక్కువ చెప్పారు. అమెరికాలో సొంతంగా ఆడేవాళ్ళు 2011లోనే రెండు సంఘాలుగా చీలిపోయారు, ఆ గొడవ మధ్యలోనే 2013 వరల్డ్ కప్ క్వార్టర్స్‌కి కూడా వెళ్ళారు, 2014 దాకా ఎవరు అసలు సంఘమో తేలలా. 2025 వరల్డ్ కప్‌ని మొదట అమెరికా, కెనడాకే ఇద్దామనుకున్నారు, 2018 చివర్లో అదీ పోయింది. అక్కడ్నుంచే ఫ్రాన్స్‌కి వెళ్ళింది.

లీడ్స్ గోదారోడు:
కుర్రోడు గారూ, మీకు ఆట నచ్చిందంటే వరల్డ్ కప్‌తో మొదలెట్టకండి, ఆరిజిన్ మూడు మ్యాచులు చూడండి ముందు. సిడ్నీ టైముకి బుధవారం రాత్రి పెడతారు, మన టైముకి మధ్యాహ్నం మూడున్నర దాటాక వస్తుంది. ఆఫీసులో ఫోన్ బల్ల కింద పెట్టుకుని చూడాలంతే.