సమస్యాపూరణం: «దొంగ కిచ్చిన తాళమే తోడు నిలిచె»

సంచాలకుడు: సంకేతపదాన్ని (పాస్‌వర్డును) ఎవరికీ చెప్పవద్దని పిల్లలకు సైతం నేర్పుతున్న ఈ రోజుల్లో, తాళాన్ని దొంగ చేతికే ఇవ్వమనే ఈ పాదం నిన్నటి నుండి నన్ను వదలడం లేదు. అంతర్జాల భద్రతకు చెందిన అర్థంలోనే పూరించవలసిందిగా కవిమిత్రులను కోరుతున్నాను.

ఛందోమిత్ర: నా పూరణ:

మోసపోయి పదము నిస్తి ముందు నేను
ఫోను పలికెను రెండవ పదము నడుగ
తెల్లబోయిన వాఁడంతఁ దిరిగి పోయె
దొంగ కిచ్చిన తాళమే తోడు నిలిచె

గణకుడు: ఛందోమిత్ర గారూ, ఎత్తుగడ బాగున్నది కాని, రెండవ పాదంలో «ఫో»కు «ప»తో యతి చెల్లదు, హల్లులు కలిసినా అచ్చులు కలవలేదు. «రెండవ పొడుపు నడుగ» అంటే యతి కుదరడమే కాక, పొడుపుకథ విప్పినవాడికే లోపలికి దారి అన్న భావం వచ్చి, సంకేతపదం తరువాత ఫోను ద్వారా జరిగే రెండవ అంచె తనిఖీకి మంచి తెలుగు మాట కూడా దొరుకుతుంది. అయితే అసలు చిక్కు వేరే ఉన్నది: మిమ్మల్ని కాపాడినది ఫోనే తప్ప మీరు దొంగకిచ్చిన తాళం కాదు. పైగా నకిలీ వెబ్ పుట పెట్టి మొదటి పదాన్ని రాబట్టినవాడు, ఫోనుకు వచ్చిన అంకెలను కూడా అదే పుటలో అడిగి తీసుకొని, ఆ క్షణంలోనే అసలు సైటులో వాడుకోగలడు కనుక, వాడు తెల్లబోయి తిరిగిపోతాడన్న భరోసా లేదు. నా పూరణ ఇది:

ఎఱగ నుంచిన ఖాతాకు నేర్పరచిన
మాట నిచ్చితి, లోపల మసలు వాని
జాడ లన్నియుఁ జిట్టాలఁ జదివి పట్ట
దొంగ కిచ్చిన తాళమే తోడు నిలిచె

ఛందోమిత్ర: «పొడుపు» సవరణను కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాను. దొంగ కోసమే ఒక ఖాతా తెరిచి ఉంచి, యంత్రం రాసుకునే చిట్టాలలో (లాగ్‌లలో) వాడి జాడలు చదివే గణకుడు గారి ఎర నిజంగా వాడుకలో ఉన్న ఉపాయమే. 1986లో కంప్యూటరు వాడకపు లెక్కలో 75 సెంట్ల తేడాను పట్టుకొని వెదకడం మొదలుపెట్టిన అమెరికా శాస్త్రవేత్త క్లిఫర్డ్ స్టోల్, తరువాత కల్పిత పత్రాలను ఎరగా ఉంచి, చొరబాటుదారుణ్ణి వాటి దగ్గరే నిలబెట్టి ఆచూకీ రాబట్టాడు. కాని ఎర ఖాతాను అసలు యంత్రాలకు దూరంగా ఉంచకపోతే దొంగ అక్కడి నుండే పక్క గదిలోకి నడుస్తాడు. ఆ జాగ్రత్త పద్యంలో ఒక్క అక్షరమైనా లేదు. ఇంతకుముందు «గుఱ్ఱ మింటను జొరఁగానె కోట కూలె» అన్న సమస్యకు కూడా గణకుడు గారు ట్రోజన్ గుఱ్ఱమనే హానికర సాఫ్ట్‌వేరును «పురుగు» (వర్మ్) అన్నారు. పురుగు తనంత తానే యంత్రం నుండి యంత్రానికి పాకుతుంది. గుఱ్ఱాన్ని మనమే మంచి సాఫ్ట్‌వేరనుకొని లోపలికి తోలుకొస్తాం. ఆ తేడా నేను అప్పుడే చెప్పాను, వారు ఒప్పుకోలేదు.

గణకుడు: ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. ఆ పద్యంలో ప్రాణం ఉన్నది, పదం తప్పు.

అక్షరపథికుడు: తాళమంటే తాళంచెవి అనే అందరూ పట్టుకున్నారు. తాళం కప్పను కూడా మనం తాళమనే అంటాం కదా!

చెవిని దాచితి నా యొద్ద చిక్కకుండ
కప్పఁ బంచితి నెల్లర కడకు నేను
వేసి పంపిన జాబును విప్పలేఁడు
దొంగ కిచ్చిన తాళమే తోడు నిలిచె

1976లో గూఢలిపి శాస్త్రవేత్తలు డిఫీ, హెల్మన్ ప్రకటించిన ఊహ సారమిదే: తాళం వేసే సాధనాన్ని లోకమంతటికీ ఇవ్వవచ్చు, తీసే సాధనాన్ని దాచుకుంటే చాలు. ఆ మొదటిదాన్ని «బహిరంగ తాళంచెవి» (పబ్లిక్ కీ) అని అనువదించడం వల్లనే కొత్తవారు తికమక పడుతున్నారని నా నమ్మకం.

ఛందోమిత్ర: పూరణ నిర్దుష్టం. వాదం మాత్రం సగమే నిజం. పత్రం మనదేనని రుజువు చేసే డిజిటల్ సంతకంలో దాచుకున్నదానితో ముద్ర వేస్తాం, పంచినదానితో ఎవరైనా సరిచూస్తారు. అక్కడ మీ కప్ప చెవి పని చేస్తున్నది.

సంచాలకుడు: కనుకనే కప్పకూ చెవికీ రెంటికీ చెల్లే «తాళం» అన్న మాటనే ఉంచి, «బహిరంగ తాళం», «రహస్య తాళం» అనడం మేలని నాకు తోస్తున్నది. వాడుకలోని అస్పష్టత ఇక్కడ వరమైంది.

మౌక్తికం: తాళం యజమానికే తోడు నిలవాలని అందరూ ఎందుకు శ్రమపడుతున్నారో నాకు అర్థం కాలేదు. పాదంలో దొంగ పేరే ఉన్నది.

తాళ మున్నది పైనని తలచి నమ్మి
గుట్టు లన్నియు దొంగదౌ గూటఁ జెప్ప
బాట భద్రమె, చేరిన పట్టు కాదు
దొంగ కిచ్చిన తాళమే తోడు నిలిచె

గణకుడు: మూడవ పాదాన్ని నాలుగుసార్లు చదివాను. బ్రౌజరు పైభాగాన ఉండే తాళం బొమ్మకు అర్థం, మీకూ ఆ సైటుకూ మధ్య మాటలను దారిలో ఎవరూ వినలేరని మాత్రమే. సైటు నడిపేవాడు మంచివాడని అది ఎన్నడూ చెప్పలేదు. ఆ బొమ్మ రావడానికి కావలసిన ధ్రువపత్రం (సర్టిఫికెట్) నకిలీ పుటకూ సులువుగానే దొరుకుతుంది. జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజరు ఆ బొమ్మను తీసివేసి వేరే గుర్తు పెట్టింది. ఇన్ని వాక్యాలలో నేను చెప్పినదాన్ని మౌక్తికం గారు «బాట», «పట్టు» అన్న రెండు మాటలలో చెప్పారు.

ఛందోమిత్ర: గణకుడు గారితో నేను ఏకీభవించిన మొదటి సందర్భం ఇదే కావచ్చు. తోడు నిలిచినది ఎవరికి అని అడగడం మా ముగ్గురికీ తోచలేదు.