అప్‌డేట్: దాచిన బొడ్డుతాడు రక్తం మా మేనల్లుడి లుకేమియాకి వాడొచ్చా?

వాడు పుట్టినప్పుడు ప్రైవేటు బ్యాంకులో దాచిన బొడ్డుతాడు రక్తం ఇప్పుడు వాడి ఏఎల్‌ఎల్‌కి (లుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో ఒక రకం) పనికొస్తుందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) వద్దన్నారు. పిల్లల్లో ఈ జబ్బుకి దారితీసే తొలి జన్యుమార్పు చాలాసార్లు తల్లి కడుపులోనే వస్తుందట, అంటే దాచిన ఆ రక్తం సంచిలోనూ అలాంటి కణాలు ఉండొచ్చు. పైగా మిగిలిపోయిన క్యాన్సర్‌ని పరాయిదని గుర్తుపట్టి చంపేది దాత కణాలే, సొంతవి కావు. 1988లో పారిస్‌లో జరిగిన మొట్టమొదటి బొడ్డుతాడు రక్తం మార్పిడిలోనూ ఎక్కించింది అప్పుడే పుట్టిన చెల్లెలిదే (అది ఫాంకోని ఎనీమియా అనే, మజ్జ దెబ్బతినే వంశపారంపర్య జబ్బుకి).

బ్యాంకు కాగితాల్లోని కణాల లెక్క (దాచిన రక్తంలో ఎన్ని కణాలున్నాయో) మీద మనం చేసిన చర్చ అవసరమే పడలేదు. "బాబు అక్కకి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (దాత కణాలు రోగికి సరిపోతాయో చూసేది) చేయించండి" అన్న సలహానే దారి చూపింది. తోబుట్టువులు పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే, వాడి అక్క కలిసింది! కీమో తర్వాత కూడా ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత మిగిలిన కొద్దిపాటి క్యాన్సర్ కణాలు) పాజిటివ్ రావడంతో అక్క ఎముక మజ్జ ఎక్కించారు. రక్తకణాల కౌంట్లు నిలబడ్డాయి, బాబు ఇంటికొచ్చాడు.