డిగ్రీలో రాయడం నేర్పాలంటే ముందు తెలుగులో రాయించాలా, నేరుగా ఇంగ్లీషులోనా?

ఎకనామిక్స్ లెక్చరర్, శ్రీకాకుళం జిల్లా:
మాది పలాస చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చదివే కాలేజీ. మొన్న ఫస్టియర్‌కి ఇచ్చిన ప్రశ్న: జీడిపప్పు పరిశ్రమలో ఆడవాళ్ల కూలి ఎందుకు పెరగడం లేదు? దాదాపు అందరూ గైడులో ఉన్న కూలి నిర్వచనాన్ని ఇంగ్లీషులో దించేశారు. ఒకమ్మాయి మాత్రం “తెలుగులో రాయొచ్చా మేడమ్?” అని అడిగి పేజీన్నర రాసింది. వాళ్లమ్మకు కిలో లెక్కన ఇస్తారట, పప్పు విరిగితే కోత. జీడినూనె తగిలి వేళ్లు కాలినా పని మానదు, మానితే ఆ రోజు కూలి పోతుంది. “ఊళ్లో వేరే పని లేదని షావుకారుకి తెలుసు” అని రాసింది. బేరమాడే శక్తి అని నేను పాఠంలో చెప్పింది ఇదే కదా! ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియమే. 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ మాత్రం పరీక్షలు స్థానిక భాషలోనూ రాయనివ్వమని వాటిని కోరింది. కనీసం చిత్తుప్రతి అయినా తెలుగులో రాయించాలంటాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్:
నేను ఒప్పుకోలేను మేడమ్. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. కాలేజీలో ముందు తెలుగులో అనుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చేవాడిని. మూడు గంటల పరీక్షలో సగం పేపరు మిగిలిపోయేది, ఒకటే టెన్షన్. నన్ను గట్టెక్కించింది మా ఇంగ్లీషు సార్. ప్రతి సోమవారం ఒక్క పేరా, నేరుగా ఇంగ్లీషులో. తప్పుల కింద గీత గీసి ఊరుకునేవారు కాదు. పక్కన “ఎందుకని?” అని రాసి తిరిగిచ్చేవారు. మళ్లీ రాసి చూపించాల్సిందే.

తెలుగు ఎంఏ విద్యార్థి, వరంగల్:
తెలుగులో రాస్తే సొంత మాట వచ్చేస్తుందనుకోకండి మేడమ్. మా క్లాసులోనూ “అనగా”, “పేర్కొనవచ్చును” అంటూ గైడు తెలుగే. గలగలా మాట్లాడేవాళ్లు పెన్ను పట్టగానే బిగుసుకుపోతారు. స్కూలు వ్యాసాల్లో వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు 1910ల్లోనే పండితులతో తలపడ్డారు. కథల్లో, పేపర్లలో వాడుక భాష గెలిచింది, మా జవాబు పత్రాల్లోకి ఇంకా పూర్తిగా రాలేదు. అన్న చెప్పిన ఆ “ఎందుకని?” ఏ భాషలో రాసినా కావాలి.

ఎకనామిక్స్ లెక్చరర్:
ఆ “ఎందుకని?” నాకూ బాగా నచ్చిందండి, రేపటి నుంచి నేనూ రాస్తాను. కానీ ఒక సంగతి. ఆ అమ్మాయితో అదే జవాబు నేరుగా ఇంగ్లీషులో రాయించి చూశాను. నాలుగు లైన్లు వచ్చాయి. అందులో వాళ్లమ్మ లేదు, షావుకారు లేడు. తర్వాత తన తెలుగు కాగితం పక్కన పెట్టుకుని రాయమన్నాను. గ్రామర్ తప్పులు బోలెడు, కానీ విరిగిన పప్పు కోత సంగతి వచ్చింది. తప్పులు దిద్దడానికి నాకింకా రెండేళ్ల పైనే టైముంది.